అట్ట లేని ఇంగ్లీషు రికార్డు

పోయిన నెల సెలవులకు మా మనవరాలు విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో చదువుతోంది. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన పిల్ల కావడంతో తెలుగు గలగలా మాట్లాడుతుంది, మధ్యమధ్య హిందీ కలుపుతుంది. చదవమంటే మాత్రం ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు మీద గుంతలు తప్పించే సైకిలువాడిలా పక్కకు తిరిగిపోతుంది. ఒక మధ్యాహ్నం నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు తీస్తుంటే, ఫోను పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది. "అమ్మమ్మా, సునో నా. తాతయ్య ఫేమస్ అట, నీకు తెలుసా?" అంది. ఆ తాతయ్య, అంటే మా ఆయన, పోయి ఎనిమిదేళ్ళయింది. పోయాక ఫేమస్ కావడం ఏమిటని నేను నవ్వాను.

సంగతి ఇది. ఇంగ్లీషు పాటల బ్యాండు ఒకటుంది. పేరు చెప్పను. చెబితే మీలో కొందరు లేచి వాదనకు దిగుతారు. ప్రపంచమంతా పూజ చేసే రికార్డులు వాళ్ళవి నాలుగైదు ఉన్నాయి. అవి రాకముందు వాళ్ళు ఎవరి సినిమాకో చేసిపెట్టిన రికార్డు ఒకటుంది. సినిమా ఎవరూ చూడలేదు, రికార్డు ఎవరూ పట్టించుకోలేదు. దానికి రావలసిన పేరు రాలేదా, లేక వచ్చిన పేరే ఎక్కువా అని ఇప్పుడు ఫోనుల్లో జనం కొట్టుకుంటున్నారట. అందులో ఎవరో ఒక పాత తెలుగు వారపత్రిక పేజీకి ఫోటో తీసి పెట్టి, దానికి పేరు రావలసిందని మా తెలుగాయన ఒకరు నలభై ఏళ్ళ కిందటే చెప్పారని రాశాడు. పేజీ పైన మా ఆయన పేరుంది. "నాకు చదవడం లేటవుతుంది, నువ్వు చదువు" అని ఫోను నా మొహం ముందు పెట్టింది మనవరాలు. చేపల చేతులు చీరకు తగలకుండా దూరంగా పెట్టుకుని, కళ్ళద్దాలు సరిచేయించుకుని చదివాను. 'చూసేవాళ్ళు లేనప్పుడు మనిషి చేసే పని వేరుగా ఉంటుంది' అని మొదలైంది వ్యాసం. మధ్యలో రెండుసార్లు చదవడం ఆపి దగ్గాను. ఎండుచేపల ఘాటు అనుకుంది పిల్ల. "తాతయ్య కమాల్ రాశాడు" అంది. అందులో మా ఆయన రాసింది చివరి నాలుగు వాక్యాలే. మిగిలినదంతా మా అన్నయ్యది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి, ఇక్కడ మెయిన్‌లాండు జనాన్ని తెచ్చి స్థిరపరుస్తున్న తొలి రోజుల్లో, ఓడెక్కి వచ్చాడు. రోడ్లు వేసే డిపార్టుమెంటులో స్టోరుకీపరు. అన్నయ్యా నేనూ ఇక్కడే పుట్టాం. కొండవాలున చెక్క ఇల్లు, పైన రేకులు. వానాకాలం ఎనిమిది నెలలు ఆ రేకుల మోత కింద మేం ఒకరితో ఒకరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. ఆ అలవాటువల్ల మా ఇంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళినా గొంతు పెద్దదని పేరు పడ్డారు, ఒక్క అన్నయ్య తప్ప. వాడు వాన ఆగేదాకా ఊరుకుని అప్పుడు మాట్లాడేవాడు. బళ్ళో హిందీ చదివినా, నాన్న రోజూ సాయంత్రం పలక మీద తెలుగు దిద్దించేవాడు. వాడి అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తున, పొదిగిన ముత్యాల్లా ఉండేవి. మెయిన్‌లాండుకు పంపి చదివించాలని నాన్నకు ఉండేది, కానీ ఉబ్బసం ఆయన్ని ముందే మంచాన పడేసింది. అన్నయ్య హయ్యర్ సెకండరీ అవగానే హార్బరు ఆఫీసులో గుమాస్తాగా చేరిపోయాడు. వచ్చే ఓడలూ పోయే ఓడలూ రాసుకునే పని. తాను ఎక్కింది మాత్రం తక్కువ.

అప్పట్లో ఇక్కడికి వచ్చిన ఆఫీసర్లు బదిలీ అయితే సామాను మోసుకెళ్ళడం కష్టమని సగం ఇక్కడే అమ్మేసి పోయేవారు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక ఆఫీసరు కుర్చీయో, ఆఫీసరు భార్య ఊరగాయ జాడీయో ఉండేది. అలా ఒకాయన వెళ్ళిపోతుంటే అన్నయ్య రికార్డు ప్లేయరు కొన్నాడు. కుర్చీలు కొనుక్కురమ్మని అమ్మ పంపితే, చెక్కపెట్టె ఎత్తుకొచ్చాడు. పెట్టెతోపాటు ఎనిమిది రికార్డులు వచ్చాయి. ఏడు గజళ్ళూ హిందీ సినిమా పాటలూ. ఎనిమిదోదానికి అట్ట లేదు, ఖాకీ కాగితంలో చుట్టి ఉంది. నడుమ ఉన్న చీటీ మీద బ్యాండు పేరు, ఏదో సినిమా పేరు, అంతే. అంటే ఆ బ్యాండువాళ్ళు లోకానికి ఏయే రికార్డులతో తెలిశారో అవేవీ అన్నయ్యకు తెలియవు. సముద్రం దాటి వాడి దగ్గరికి వచ్చింది అదొక్కటే. వాడికి ఆ బ్యాండంటే ఆ ఎనిమిదో రికార్డే.

మొదటి వైపు పాటలున్నాయి. ఒకటి మెల్లగా, ఒకటి రేకులు ఎగిరేలా. రెండో వైపు పెద్దగా పాట లేదు, వాద్యాలే. డ్రమ్ము ఓడ ఇంజనులా దూరం నుంచి కొట్టుకుంటూ ఉంటే, దాని మీద గిటారు ఒక మాట అని, ఆగి, మళ్ళీ అదే మాట అంటుంది. ఒకచోట వాయించడం ఆగిపోయాక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినిపిస్తుంది. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏట్రా ఇది, పిండిమర తిరిగినట్టుంది. పాటెప్పుడొస్తాదీ?" అనేది. "ఇదే పాటమ్మా" అనేవాడు వాడు. "మరి పాడేవోడేడీ?" "వాడు బయటికెళ్ళాడు" అనేవాడు. అమ్మ అది నమ్మి, తర్వాత రికార్డు పెట్టినప్పుడల్లా పాడేవాడు వచ్చాడా అని అడిగేది. ఆ సినిమా మేం చూసే దారి లేదు కాబట్టి అన్నయ్య దానికి కథ తయారుచేశాడు. కథ మా ఊరికి దగ్గరి తీరపల్లె వండూర్‌లో జరుగుతుంది. మడ అడవి పక్కన ఒక ముసలావిడ బాతులు పెంచుతుంది. రోజుకో బాతు కనిపించకుండా పోతుంది. రెండో వైపంతా ఆవిడ బాతుల్ని వెతకడమే. ఆదివారాలు నన్ను బస్సులో వండూర్ తీసుకెళ్ళి, గిటారు ఆగేచోట ఆవిడ ఎక్కడ నిలబడిందో చూపించేవాడు. వాడికప్పుడు ఇరవై మూడు, నాకు పదిహేడు. ఇద్దరికీ మతి పోయిందని అమ్మ వీధిలో చెప్పుకునేది.

ఆ రోజుల్లోనే కాకినాడ వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు, హయ్యర్ సెకండరీలో ఇంగ్లీషు చెప్పడానికి. మద్రాసులో చదివినవారు. తెలుగువాళ్ళ ఇంట్లో భోజనం దొరుకుతుందని ఎవరో చెబితే ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చారు. మొదటిరోజు చేపల పులుసు అయ్యాక అన్నయ్య గర్వంగా రికార్డు పెట్టాడు. మాస్టారు రెండు నిమిషాలు విని చిరునవ్వు నవ్వారు. "వీళ్ళదే, కానీ ఇది కాదోయ్. ఇది ఎడంచేత్తో చేసి పారేసింది. ఎవడో సినిమావాడు అడిగాడని వారంలో చుట్టబెట్టేసుంటారు. వీళ్ళ అసలు రికార్డులు వింటే నువ్విది మళ్ళీ ముట్టుకోవు" అన్నారు. అన్నయ్య సూది ఎత్తలేదు. "రెండో వైపు వినండి మాస్టారూ" అన్నాడు. బాతుల కథ చెబితే, తాను చదివినంతవరకు సినిమాలో బాతులేమీ లేవని, ఎవరో కుర్రకారు ఊళ్ళు పట్టుకు తిరగడమేనని కూడా ఆయన చెప్పారు. అన్నయ్య కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళు సినిమా తప్పు తీశారు" అన్నాడు. అమ్మ కూడా నవ్విన సందర్భం అది.

వేసవికి ఊరెళ్ళినప్పుడు మాస్టారు ఆ బ్యాండు పెద్ద రికార్డులు రెండు మోసుకొచ్చారు. తడి తగలకుండా లుంగీలో చుట్టి, ఓడలో తలకింద పెట్టుకుని తెచ్చానన్నారు. అంత మనసు ఆయనకుంది, అది కాదనను. అన్నయ్య వాటిని వారంపాటు విన్నాడు. ఆదివారం ఆయన రాగానే, "బావున్నాయి మాస్టారూ, చాలా బావున్నాయి. కానీ వీటిలో వాళ్ళకి జనం వింటున్నారని తెలుసు. మన దాంట్లో తెలీదు" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. మాస్టారి మొహం చూశాను. ఎవరైనా మన జేబులోంచి మన కలమే తీసి మనకు చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత రెండేళ్ళు ఆదివారాలు ఆ వాదనతోనే గడిచాయి. నేను అన్నయ్య పక్షం. అన్నయ్య పక్షం వహిస్తూ వహిస్తూ ఎదుటి పక్షాన్ని పెళ్ళి చేసుకున్నాను. ముందూ వెనకా తెలియని సంబంధమని నాన్న వెనకాడితే, పట్టుబట్టి ఒప్పించింది అన్నయ్యే. "సంగీతం తెల్సినోడు నాన్నా, చెల్లి మాట వింటాడు" అన్నాడు.

పెళ్ళయిన రెండో ఏడు, మాకు పాప పుట్టిన కొత్తలో, అన్నయ్య ఒక నోటుబుక్కు తెచ్చి మా ఆయనకిచ్చాడు. ఆ రికార్డు గురించి నలభై పేజీలు. ఒక్కొక్క పాటా, ఒక్కొక్క ఆగడమూ, కుర్చీ చప్పుడూ, అన్నీ ఆ ముత్యాల అక్షరాల్లో. "చూడు బావా. ఎక్కడికన్నా పంపొచ్చంటావా?" అన్నాడు, గోడ మీది క్యాలెండరు చూస్తూ. మా ఆయన అప్పటికి మద్రాసు పత్రికలకు వ్యాసాలు పంపి పంపి, తిరిగొచ్చిన కవర్లు బీరువాలో దాచుకుంటున్నారు. వారం తర్వాత అన్నయ్య వచ్చి అడిగితే, "ఒక రికార్డు మీద నలభై పేజీలు ఎవడు చదువుతాడోయ్? అదీ ఎవడూ వినని రికార్డు. వినడం నీకు వచ్చు, రాయడం వేరే విద్య" అన్నారు. అన్నయ్య నవ్వి, పాపను ఎత్తుకుని కాసేపు ఆడించి వెళ్ళిపోయాడు. నోటుబుక్కు మరిచిపోయాడో, వదిలేశాడో, తీసుకెళ్ళలేదు. పిల్లల జవాబు పత్రాల కట్టల మీద చాలా రోజులు అలాగే ఉంది.

కొన్నాళ్ళకు ఒక వారపత్రిక నుంచి ఉత్తరం వచ్చింది, పాశ్చాత్య సంగీతం మీద ఏమైనా రాయగలరా అని. మా ఆయన నాలుగు రోజులు కాగితాలు చించారు. ఐదోరోజు బడి నుంచి వచ్చి, నోటుబుక్కు తెరిచి, అక్కడక్కడ పెన్సిలుతో గీతలు పెట్టి, నా ముందు పెట్టారు. "గీతలు పెట్టినవి వదిలేసి మిగతాది సాపు రాసిపెట్టు. కాగితానికి ఒకవైపే రాయాలి" అన్నారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు, అందుకని సాపు రాయడం ఎప్పుడూ నా పనే. పాప ఒళ్ళో ఉంది. నేను కలం పట్టుకుని, "ఇది అన్నయ్యది కదండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఎంతో శాంతంగా, "విషయం వాడిదే, కాదనట్లేదు. దాన్ని వ్యాసం చేస్తున్నది నేను. హార్బరు గుమాస్తా పేరుతో పంపితే కవరు విప్పుతారా? ముందు అచ్చు కానివ్వు, తర్వాత మీ అన్నయ్యకి చెబుదాం" అన్నారు. నేను రాశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా, కొట్టివేతలు లేకుండా, మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. అన్నయ్య వాక్యాలు నాకు ముందే తెలుసు కాబట్టి చెయ్యి ఎక్కడా ఆగలేదు. చివరి పేరా మాత్రం ఆయన చెబుతుంటే రాశాను.

అప్పట్లో వారపత్రిక ఓడలో వచ్చేది, నెల ఆలస్యంగా. అబర్డీన్ బజారులో ఒకే ఒక్క కొట్లో తెలుగు పత్రికలు దొరికేవి. అది మా చేతికి రాకముందే అన్నయ్య కొన్నాడు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. మా ఆయన ఇంట్లో లేరు. పత్రిక బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, "బావ పేరు పడింది" అన్నాడు. పాప వాడి కాళ్ళ దగ్గరికి పాకింది, ఎత్తుకున్నాడు. "అచ్చుతప్పుల్లేవు. బావ రాత ప్రెస్సోళ్ళకి అర్థమవదు. నువ్వే కదా రాసిచ్చావు?" అన్నాడు. నేను తలూపాను. "బాగా రాసేవు" అన్నాడు. వెటకారం లేదు. అదే నన్ను ఇప్పటికీ వదలనిది. తర్వాత చివరి పేరా మీద వేలు పెట్టాడు. వాడు తన నోటుబుక్కులో, వాళ్ళు చేసిన వాటన్నిటిలోకీ ఇదే మంచిదని, ఎందుకంటే ఇది చేసేటప్పుడు వాళ్ళు తమను తాము చూసుకోలేదని ముగించాడు. అచ్చులో, 'ఇది వారి ఉత్తమ కృతి అనలేము గాని, బొత్తిగా విస్మరించదగినదీ కాదు' అని ఉంది. "ఇదొక్కటి మార్చకుండా ఉండాల్సింది చెల్లీ" అన్నాడు. "పేరు సంగతి కాదు. నేననని మాట నా మాటల ఎనక తగిలించేడు." పాపను నాకిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పత్రిక బల్ల మీదే ఉంది.

ఆ వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. మా ఆయనకు శీర్షిక ఇచ్చారు, రేడియోలో ప్రసంగాలు ఇచ్చారు, తెలుగువాళ్ళ సభల్లో ముందు వరసలో కుర్చీ వేశారు. మళ్ళీ అలాంటిది ఒక్కటి రాయలేదాయన. తర్వాత రాసినవన్నీ ఆ చివరి పేరాలాగే ఉండేవి, అటూ కాదు, ఇటూ కాదు. నోటుబుక్కు ఏమైందంటే, ఒకసారి పాత జవాబు పత్రాలతోపాటు బజారుకెళ్ళి పకోడీల పొట్లాలైపోయింది. కట్టలో ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అన్నయ్య ఆదివారాలు రావడం మానేశాడు. ఏడాది తిరక్కుండా కాంప్‌బెల్ బేకి బదిలీ అడిగి వేయించుకున్నాడు. మా దీవుల్లో అట్టడుగున, ఓడలో రోజుల ప్రయాణం. అక్కడికి శిక్షగా పంపితే పోయేవాళ్ళే కానీ అడిగి పోయినవాణ్ణి చూడలేదని ఆఫీసులో అనుకున్నారట. పోయేముందు రికార్డు ప్లేయరు, ఎనిమిది రికార్డులతో సహా, ఎవరికో ఇచ్చేశాడు. అమ్మ అడిగితే, "చెవిలో హోరుగా ఉంటోందమ్మా, వినబడదు" అన్నాడు. అమ్మ నిజమనుకుని చెవిలో వెల్లుల్లి నూనె పోసి పంపింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మకు ఉత్తరాలు రాసేవాడు, వానలు, కూరగాయలు, ఓడ వచ్చిందా రాలేదా. చివర 'చెల్లికి, బావకు, పాపకు ఆశీస్సులు' అని ఉండేది. నేను చాలాసార్లు ఉత్తరం మొదలుపెట్టాను. 'అన్నయ్యకు నమస్కారాలు' దాకా వచ్చి, అక్కడి నుంచి చేతికి మాట దొరికేది కాదు. పాప బళ్ళో చేరాక చెబుదాం, ఎండాకాలం వాడు వస్తే చెబుదాం అనుకునేదాన్ని. వస్తే పిల్లకు బొమ్మలు తెచ్చేవాడు, మా ఆయనతో ఓడల గురించి మాట్లాడేవాడు, వెళ్ళిపోయేవాడు. వాడు అక్కడికి వెళ్ళిన పదకొండో ఏడు, వానల్లో జ్వరం వచ్చింది. సముద్రం బాగోలేక ఓడ కదల్లేదు. కదిలి అక్కడికి చేరేసరికి తీసుకురావడానికి మనిషి లేడు.

పదమూడో రోజు భోజనాల్లో మా ఆయన చాలా బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, నటన కాదు. తెలుగువాళ్ళందరూ వచ్చారు. విస్తళ్ళ ముందు కూర్చుని, పక్కాయనతో, "వాడికి మంచి చెవండీ. ఈ సంగీతం రుచి చూపించింది నేనే. ఎంత శ్రద్ధగా వినేవాడో" అన్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. "కాదు" అన్నాను. నేను పప్పు గురించి అన్నాననుకుని పక్కాయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, నాకూ చాలు" అన్నారు. నేను తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళాను. వ్యాసం అచ్చయ్యాక, పోయిన నెలదాకా, ఆ విషయమై నేను నోరు తెరిచి అన్నది ఆ ఒక్క మాటే.

పోయిన నెల ఆ మధ్యాహ్నం మనవరాలికి ఇదంతా చెప్పాను. చేపలు పిల్లి ఎత్తుకుపోయిందని కూడా చూసుకోలేదు. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విని, రికార్డు ఫోనులోనే దొరుకుతుందని వెతికి పెట్టింది. ఇన్నేళ్ళకు మళ్ళీ విన్నాను. మొదటి వైపు చాలావరకు మామూలుగానే ఉంది. మా ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. రెండో వైపు మొదలయ్యాక నేను లేచి అవతలికి పోయాను. అన్నయ్య చెప్పింది నిజమని తెలుసుకోవడానికి అంతసేపు వినక్కర్లేదు. ఈలోగా మనవరాలు ఆ ఫోటో కింద రాసేసింది, ఇది మా తాతయ్య రాసింది కాదు, మా అమ్మకి మేనమామ రాసింది అని. సాయంత్రానికి ఎవరో జవాబిచ్చారు, రుజువేమిటని. ఇంకొకరు, పెద్దవాళ్ళు పోయాక ఇలాంటి కథలు పుడుతూనే ఉంటాయన్నారు. "నోటుబుక్కు లేదా అమ్మమ్మా? ఏదన్నా ఉత్తరం? కుఛ్ భీ?" అని అడిగింది పిల్ల. లేదన్నాను. ఫోను పక్కన పెట్టి, "మరి నువ్వెందుకు రాసిచ్చావు?" అంది.

"అడిగారు కదా, రాసిచ్చాను" అన్నాను. అది జవాబు కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల లేచి టీకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది. తర్వాత చెబుదామని మా ఆయన ఆరోజు అన్న మాటను నేను నలభై ఏళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఆ 'తర్వాత' అనేది రాకుండా పోలేదు. వినవలసిన ఒక్క మనిషీ లేకుండా వచ్చింది.